ఆకుపచ్చగా మారిన ఎర్రపొడి

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కన్నా జాబితాల మీదే నమ్మకం ఎక్కువ. మహబూబ్‌నగర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతూ, ప్రాజెక్టు కోసం ఎర్రటి నికెల్ సమ్మేళనం ఒకటి తయారుచేశాను. అందులో నికెల్ చుట్టూ అమరిక బల్లపరుపుగా ఉంటుందని నా వాదం. దాన్ని తేల్చాల్సింది హైదరాబాదులోని ఎన్.ఎం.ఆర్. యంత్రం. దాని పెద్ద అయస్కాంతంలో నమూనా పెడితే, నా మాట నిజమైతే తెర మీద సూదుల్లాంటి గీతలొస్తాయి, కాకపోతే గుట్టలొస్తాయి. నాకు దొరికింది ఒక్క అరగంట. రిపోర్టు ఇవ్వాల్సింది మర్నాడే.

పద్నాలుగు అంశాల జాబితా రాసుకుని (పదకొండోది: 'జాబితా మరవకూడదు'), కొంత పొడిని ముందురోజే ద్రావణిలో కరిగించి గాజు గొట్టంలో పోసి, మిగిలిన పొడిని సీసాలో పెట్టుకుని బస్సెక్కాను. ఒక కంట్లో శుక్లం వచ్చిన మా నాన్న, మేం పిలిచేది బాపు అని, కంటి దవాఖానలో చూపించుకోవడానికి నా వెంట వచ్చాడు. జీవితమంతా గొర్లు కాసిన మనిషి. జడ్చర్ల దాటాక గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"నిన్న పొడి జూపినప్పుడు ఎర్రగ ఉండె గదరా! గిదేంది, ఆకుపచ్చగున్నది?"

"కరిగిస్తె గట్లనే అయితది బాపు." (అవుతుందో లేదో నాకూ తెలియదు. రంగు నా జాబితాలో లేదు.)

"గొర్రె కనురెప్ప తిప్పి చూస్తం. ఎర్రగుంటె మంచిగున్నట్టు. రంగు మారిందంటె లోపలేదో అయినట్టేరా."

"గొర్రె వేరు, నికెల్ వేరు."

"గట్లనా? నీకే ఎరుక."

హైదరాబాదులో గొట్టాన్ని యంత్రంలో పెట్టాక, దాన్ని నడిపే అన్న తెరవైపు చూసి, "తమ్మీ, గివి సూదులా, పాలమూరు గుట్టలా?" అన్నాడు. తెర నిండా గుట్టలే. అద్దం తలుపు అవతల బెంచీ మీద కూర్చున్న బాపు కనిపించాడు. అప్పుడు వెలిగింది. ద్రావణి అణువులు నికెల్‌ను పైనుంచీ కిందనుంచీ పట్టుకుని దాని ఆకారాన్నే మార్చేశాయి. ఆ సంగతి రంగు ముందే చెప్పింది. నేనే వినలేదు.

"అన్నా, జర క్లోరోఫాంల ఇంకొక్కసారి పెడదాం. అది నికెల్‌ను పట్టుకోదు."

"పది నిమిషాలే ఉన్నది. జల్ది కానియ్."

మిగిలిన పొడి క్లోరోఫాంలో ఎర్రగా కరిగింది, ఎర్రగానే ఉండిపోయింది. తెర మీద ఒక్కొక్కటిగా సూదులు లేచాయి.

బయటికి ఎగిరొచ్చి చెబితే, "మంచిగైంది. ఇగ నా కన్ను సంగతి జూద్దాం పా. దవాఖాన చిట్టీ తెచ్చినవా?" అన్నాడు బాపు. పద్నాలుగు అంశాల్లో ఆ చిట్టీ కూడా లేదు.

ఇప్పటికీ జాబితాలు రాస్తూనే ఉన్నాను. రాశాక మాత్రం ఒకసారి బాపుకు చదివి వినిపిస్తాను. శుక్లం తీయించుకున్న కన్ను చికిలించి, ప్రతిసారీ ఒకే మాట అడుగుతాడు: "రంగు రాసినవా రా?"