దీపం తెల్లబడిన పూట

తడి గరుకు కాగితం హెడ్‌లైటు మీద ఆడుతుంటే ఎండలో మరిచిపోయిన ప్లాస్టిక్ బకెట్టు వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, సింహాద్రి మేస్త్రి నా వెనక నిలబడ్డట్టే ఉంటుంది.

మా ఆయన దిగపహండి లైనులో జీపు నడిపేవాడు. ఆయన పోయాక పిల్లనెత్తుకుని బరంపురం వచ్చి, గోపాలపూర్ రోడ్డులో మేస్త్రి కొట్టు ఊడవడానికి కుదిరాను. పసుపెక్కిన కారు దీపాలు తేటపరచడం ఆయన పని. ఊడ్చే చేతికి ఆయనే గరుకు కాగితం ఇచ్చి పని నేర్పాడు. ఆ పని పోతే నాకూ నా కూతురికీ ఇంకో దారి లేదు.

ఒక పొద్దున, బోణీ బేరం. పాత కారు కొత్తగా కొనుక్కున్న షావుకారు బండి అప్పజెప్పి, భార్యతో టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి దీపం రుద్దుతున్నది నేను.

"ఏటి మేస్త్రీ! తొలి పూజకి తారాతారిణి అమ్మోరి కొండకి ఎల్తన్నాం. ముండమోపి సేత ముట్టిస్తావేటి?"

నా చేయి ఆగిపోయింది. పని పోయిందనే అనుకున్నాను.

"అలాగే బాబూ, ఆపీసినాం," అంటూ మేస్త్రి గుడ్డతో దీపం తుడిచాడు. తడి ఆరగానే అది పాలు పోసినట్టు తెల్లబడింది.

"ఓలమ్మో! ముందుకన్నా గుడ్డిదైపోనాది!"

"సగంలో ఆపితే అంతే బాబూ."

"అయితే నువ్వు రుద్దు."

"మొదలెట్టిన సెయ్యి ఈ పారమ్మది. నాను ముట్టను. ఇలాగే అట్టుకెల్లండి."

షావుకారు తెల్లబడ్డ దీపాన్ని వేలితో గీకి చూశాడు. భార్యే విసుక్కుంది. "గుడ్డి కన్నేసుకుని కొండెక్కుతామేటి? రుద్దనీయండి!"

గరుకు తక్కువున్న కాగితం తీసి రుద్దాను. కళ్ళనీళ్ళు దీపం మీద పడుతున్నాయి. మేస్త్రి ఓదార్చలేదు. "ఉప్పునీరు పడనీకమ్మీ, పైపూత పట్టదు," అని కసిరాడంతే. పైపూత వేసి నేను చేయి తీసేసరికి దీపం లోపలి బల్బు కనబడింది. వాళ్ళు డబ్బులిచ్చి వెళ్ళిపోయారు.

శనివారం తప్పకుండా గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టే మనిషి మేస్త్రి. శకునాలు నమ్మనివాడేం కాదు. అయినా ఆ సాయంత్రం తాళాలు నా ముందు పెట్టాడు.

"రేపట్నుంచి షట్టరు నువ్వే తియ్యి. వచ్చినోడు ముందు నిన్నే సూస్తాడు. ఇష్టముంటే ఉంటాడు, లేకపోతే పోతాడు."

చాలామందే పోయారు. ఆయన ఒక్కరినీ వెనక్కి పిలవలేదు.

మేస్త్రి ఇప్పుడు లేడు. ఇవాళ కూడా ఒకాయన నా నుదురు చూసి బండి తిప్పుకున్నాడు. పోనిచ్చాను. తర్వాత వచ్చినాయన బండి దిగి, నీడన కూర్చున్నాడు. దీపం మీద నీళ్ళు చల్లి పని మొదలుపెట్టాను.