మా రాగి చేని రాళ్ళకు ఆండర్సన్‌పేటలో పరీక్ష

ఈ ప్రయాణం సరదాకి మొదలైంది కాదు. మాస్తి దగ్గర మా మామ రాగులు పండించే చేనులో గని కంపెనీవాళ్ళు బంగారం కోసం బోరు వేసి, లోపలి రాళ్ళను గోతాల్లో తీసుకెళ్ళారు. కోలారు బంగారు గనుల ఊరు కెజిఎఫ్‌లో, ఆండర్సన్‌పేట షెడ్డులో బంగారం విడదీసే మొదటి పరీక్ష చేస్తున్నాం, కావాలంటే వచ్చి చూడండి అని కబురొచ్చింది. "ఇంగ్లీషులో ఏందో చెప్పి పంపించేస్తారు, నువ్వు తోడు రామ్మా" అన్నాడు మామ. బంగారం పడిందంటే చేను పోయినట్టే. రాత్రంతా నాకు కంటి మీద కునుకు లేదు. బంగారం రాకూడదని మొక్కుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

మాస్తిలో తొలి బస్సెక్కి మాలూరు చేరి, అక్కడ మారికుప్పం ప్యాసింజరు పట్టుకుంటే ఎండ ముదరకముందే కెజిఎఫ్‌లో దిగొచ్చు. బంగారుపేట దాటాక పెట్టె దాదాపు ఖాళీ. జనమంతా బెంగళూరు వైపు పోయే రైల్లో ఉంటారు. మాతో వచ్చిన అత్త తెచ్చిన చిత్రాన్నం డబ్బా మూత ఎవరూ తియ్యలేదు. స్టేషను బయట ఆటోకి వంద అడిగితే, బేరమాడే ఓపిక లేక ఎక్కేశాం.

ఎందుకొచ్చామో తెలియగానే డ్రైవరు ముఖం వెలిగిపోయింది. "మా నాయన గనిలో పని చేసినాడమ్మా. అది మూసేసినాక నా కొడుకు దినామూ బెంగళూరు పోయి వస్తా ఉండాడు. మీ చేన్లో బంగారం పడితే వాడికి ఈ పక్కనే పని దొరుకుతాది."

"చూస్తామప్పా" అన్నాడు మామ, తువ్వాలు నలుపుతూ. ఆ డ్రైవరు మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలేదు.

షెడ్డు గుమ్మంలోనే పరీక్ష చేసే ఇంజనీరమ్మ ఆపింది. "ఒంటి మీద బంగారం తీసేసి రండి. రవ్వంత రాలినా లెక్క తప్పుతాది."

నేను కమ్మలు తీసి రుమాల్లో కట్టాను. అత్త తాళి గుప్పిట పట్టుకుంది. "ఇది మాత్రం తియ్యను తల్లీ. ఈడే కూచుంటా, మీరు పోండి."

లోపల మా రాళ్ళను మెత్తగా నూరి, నీళ్ళతో కలిపి, ఏటవాలుగా ఊగే బల్ల మీదికి వదిలారు. "రాయిలో బంగారం ఉండేది ముందే తెలుసు. సులభంగా విడిపోతాదా లేదా, ఈ పొద్దు చూసేది అదే" అందామె. బూడిదరంగు బురద జారిపోతూనే ఉంది. ఏమీ రాకపోతే బాగుండునని చూస్తున్నాను. అంతలో బల్ల అంచున వెంట్రుకంత పసుపు గీత కనబడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. మామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

బయటికి రాగానే అత్త లేచి నిలబడింది. "ఎంత పడినాది?"

"గోతం రాళ్ళకి నీ తాళిలో గుండంత కూడా లేదు."

"అట్లయితే మనల్ని వదిలేస్తారు కదా!" అత్త నవ్వేసింది.

"లేదే. వాళ్ళకి అదే చాలంట. ఇంగ చేనంతా బోర్లు యేస్తారంట."

ఒక్క పరీక్షతో గని రాదని, ఇంకా ఎన్నో చూడాలని ఇంజనీరమ్మ చెప్పింది. ఆ మాటే పట్టుకుని తిరుగు రైలెక్కాం. మామ ఇప్పటికీ రోజూ చేనుకు పోతున్నాడు, ఈసారి కూడా రాగులే చల్లాడు. మీరెవరైనా ఇలాంటి పరీక్ష చూడటానికి వెళ్తే నగలన్నీ ఇంట్లోనే పెట్టి వెళ్ళండి, గుమ్మంలో ఇబ్బంది ఉండదు. నా కమ్మలు ఇంకా ఆ రుమాల్లోనే ఉన్నాయి. అవి ఎవరి చేనులోంచి వచ్చాయో ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.