ఆదివారం వచ్చిన కాగితం

లెసియేలి ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. రొట్టెలమ్మే మనిషి నవ్వితే నిన్నటి రొట్టె అంటగడుతున్నాడనుకుంటుంది. పాస్టరుగారు ఒంట్లో ఎలా ఉందని అడిగితే, ఆయనకి ఎవరు ఏం మోశారోనని రెండు రోజులు ఆరా తీస్తుంది. అరవై రెండేళ్ళు ఇలాగే నెట్టుకొచ్చింది. టోంగా దేశపు వవావు దీవిలో వాళ్ళది చిన్న ఊరు. ఆమె ఎదురొస్తే ఆడవాళ్ళు బుట్ట మీద మూత సర్దుకునేవాళ్ళు.

ఆదివారాలైతే ఇంకా జాగ్రత్తగా ఉండేవాళ్ళు. టోంగాలో ఆదివారం పడవ కదలదు, వల తడవదు. ఆ రోజు రాసుకున్న కాగితం చెల్లదని బడిపిల్లలు కూడా చెబుతారు. ఊళ్ళో ఈ కట్టుబాటుకి కాపలా ఎవరూ పెట్టకుండానే లెసియేలి కాసేది. పక్కింటి వైమోవానా ఒక ఆదివారం వాన వెలిసింది కదా అని దుప్పట్లు ఆరేసింది. సాయంత్రం ప్రార్థన వేళకి ఆ సంగతి పాస్టరు చెవిలో పడింది, అందరి ముందూ వైమోవానా పేరు బయటికొచ్చింది. ఆ తర్వాత నెలరోజులు ఆమె తలెత్తుకుని నడవలేదు.

అలాంటి లెసియేలి, మొగుడు ఫేలేటి పోయిన ఈ రెండేళ్ళుగా, ప్రతి ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని పని చేస్తోంది. ఆమె అత్తగారి చాప ఒకటుంది. పెళ్ళికీ చావుకీ నడుముకి చుట్టుకునే సన్నటి మొగలాకు చాప, నాలుగు తరాలది. అంచులు చివికిపోతుంటే కొత్త ఆకు గీరి, మెత్తబరిచి, ఒక్కో పోగూ అల్లుకుంటూ బాగుచేస్తోంది. మామూలు రోజుల్లో ఆ పని కుదరదు. కలిసి చాపలల్లే ఆడవాళ్ళు పొద్దస్తమానం ఇంట్లోకి వస్తూ పోతూ ఉంటారు. అందులో ఏ ఒక్కతైనా వెళ్ళి ఆడబిడ్డ తెలేసియాతో చాప ఇక్కడుందని చెప్పకుండా ఉంటుందా? ఊరంతా గోతిపొయ్యిలో వండిన కూడు కడుపునిండా తిని గుర్రుపెట్టే వేళ ఒక్కటే ఆమెకి భరోసా. తను చేసేది తప్పేనని ఆమెకి తెలుసు. తెలిసే చేసేది.

తెలేసియాకి ఎలా తెలిసిందో గాని తెలిసింది. మా అమ్మ చాప కూతురిగా నాకే రావాలని నెయియాఫు పట్నం కోర్టులో దావా వేసింది.

కోర్టుకి రమ్మనే సమను తెచ్చిన పోలీసు పౌలియాసి వచ్చింది ఆదివారం మధ్యాహ్నమే. తలుపు తట్టాడు. ఒళ్ళో చాప పెట్టుకుని లెసియేలి చప్పున గీరడం ఆపింది.

"పెద్దమ్మా, లోపలున్నావని తెలుసులే. గీరుతున్న చప్పుడు వినపడింది. ఇదిగో, కోర్టు కాగితం, తలుపు కింద పెడుతున్నా," అని అతను వెళ్ళిపోయాడు.

ఆమె ఆ కాగితాన్ని కాలితో కూడా ముట్టుకోలేదు. ఆదివారం కాగితం తీసుకుందని రేపు నలుగురిలో అనిపించడానికి తెలేసియా పన్నిన ఎత్తు ఇది అనుకుంది. ఎలాగూ చెల్లని కాగితానికి కోర్టుకి పోవడం దేనికని ఇంట్లోనే కూర్చుంది. అక్కడ పౌలియాసి మాత్రం శనివారం ఆమె చేతికే ఇచ్చానని ప్రమాణం చేసి రాసిచ్చాడు. ఆమె రాలేదు కనక ఏకపక్షంగా తీర్పైపోయింది. పదిరోజుల్లో చాప తెలేసియాకి అప్పగించాలి.

ఆ కబురు తెలియగానే లెసియేలి పట్నం పరిగెత్తింది. ఆ తీర్పు కొట్టేసి తన మాట కూడా వినమని అర్జీ పెట్టింది. రాసిపెట్టిన గుమాస్తాని కూడా నమ్మలేదు, మూడుసార్లు చదివించుకుంది.

విచారణ రోజున ట్రక్కు ఎక్కబోతే చాపలల్లే ఆడవాళ్ళు ఆరుగురు అప్పటికే ఎక్కి కూర్చుని ఉన్నారు. వైమోవానా కూడా ఉంది.

"మీకేం పని పట్నంలో?" అంది లెసియేలి.

"మేమూ చూడాలి కదక్కా," అంది వైమోవానా, నవ్వకుండా.

తమాషా చూడ్డానికి బయల్దేరారు, అనుకుని లెసియేలి దారంతా బయటికే చూస్తూ కూర్చుంది.

కోర్టులో మేజిస్ట్రేటు కళ్ళజోడు సర్దుకుని అడిగాడు. "ఈ పోలీసు కాగితం శనివారం నీ చేతికే ఇచ్చానంటున్నాడు. మరి ఎందుకు రాలేదమ్మా?"

"శనివారం కాదయ్యా, ఆదివారం. తలుపు కింద పడేసి పోయాడు. నేను పడుకుని ఉన్నాను."

"పడుకుంటే వచ్చింది ఇతనేనని ఎలా తెలిసింది?"

లెసియేలి అబద్ధం దొరికిపోయింది. బైబిలు మీద చెయ్యి పెట్టి అరగంట కూడా కాలేదు. ఎదురుగా తెలేసియా పెదవి బిగించి చూస్తోంది. వెనక బెంచీ మీద ఆరుగురూ కూర్చున్నారు. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే చాప పోతుంది.

"పడుకోలేదయ్యా," అంది చివరికి. "మా అత్తగారి చాప బాగుచేసుకుంటున్నాను. ఆదివారం పూటే. రెండేళ్ళుగా అంతే. ఆవిడ మంచానపడ్డ మూడేళ్ళూ నేనే ఎత్తి కూర్చోబెట్టాను. తన చేత్తోనే నా నడుముకి చుట్టింది దాన్ని. అప్పుడు ఈ కూతురు గడప తొక్కలేదు."

మేజిస్ట్రేటు రాసుకుని తలెత్తాడు.

"అది ఆదివారమేననడానికి సాక్షి ఎవరైనా ఉన్నారా?"

"నాకెవరుంటారయ్యా."

వెనక బెంచీ కిర్రుమంది. "నేనున్నానండి," అంది వైమోవానా. "పక్కిల్లే మాది. పౌలియాసి వాళ్ళ మావయ్యింట్లో భోజనానికొచ్చాడు. ఆ రోజు ఆదివారమే. ఈవిడ ఆకు గీరుతున్న చప్పుడు వినపడిందని అతను అరవడం నేను విన్నాను. నేనూ వినేదాన్నే, ప్రతి ఆదివారం. ఇదిగో, వీళ్ళంతా వినేవాళ్ళే."

మిగతా ఐదుగురూ తలూపారు. పౌలియాసి నేల చూపులు చూస్తూ, మళ్ళీ ఇంకోరోజు రావడం ఎందుకని ఆదివారమే తలుపు కింద పెట్టేశాననీ, తారీఖు మార్చి రాశాననీ ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు అతన్ని గట్టిగా చీవాట్లు పెట్టాడు. ఏకపక్ష తీర్పు కొట్టేశాననీ, అత్తగారు చుట్టబెట్టిందన్న మాట తేల్చాలి కనక దావా మొదటినించీ వింటాననీ, అందాకా చాప లెసియేలి దగ్గరే ఉంటుందనీ చెప్పాడు. తెలేసియా విసురుగా లేచి వెళ్ళిపోయింది.

బయట ట్రక్కు కోసం నీడన నిలబడ్డారు. లెసియేలి వెళ్ళి వైమోవానా పక్కన నిలబడింది.

"రెండేళ్ళుగా తెలిసి పాస్టరుకి ఎందుకు చెప్పలేదే? నీ దుప్పట్ల సంగతి నేను చెప్పానుగా."

"చెప్పావులే. ఆ రోజు నీ ఇంటికి నిప్పంటిద్దామన్నంత కోపమొచ్చింది," అంది వైమోవానా. "బావ పోయాక నువ్వు తలుపేసుకుంటే మాకు భయమేసేదక్కా. ఆ గీరే చప్పుడు వినపడితే, అమ్మయ్య, లేచి తిరుగుతోందిలే అనుకుని పడుకునేవాళ్ళం."

లెసియేలి ఆమె మొహంలోకి తేరిపార చూసింది. ఈ మాట వెనక ఏముందా అని అలవాటుగా వెతికింది. ఎంత వెతికినా ఏమీ దొరక్కపోయేసరికి, అందరూ చూస్తుండగా రోడ్డు పక్కనే వెక్కివెక్కి ఏడ్చేసింది.