దొరసాని తల్లి కుట్టు మిషను

2023 నవంబరు 10, శుక్రవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అజ్మాన్‌లో మేముండే ఫ్లాటు హాల్లో, కృతజ్ఞతా కూడిక మధ్యలో, ఎస్తేరు సిస్టరమ్మగారు చేతికర్రతో నేలమీద ఒక్కసారి టక్కుమని కొట్టారు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి టైము నాకు తెలుసు. ఎందుకు కొట్టారో కూడా తెలుసు. నాకు తెలియంది ఇంకొకటి ఉంది. అది తేలలేదు, ఇక తేలేట్టు కూడా లేదు.

ఇప్పుడు నేను దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో, కూలీల క్యాంపులకు భోజనాలు పంపే ఒక వంటశాలలో పని చేస్తున్నాను. నిన్న నా పక్కన చపాతీలు ఒత్తే నేపాలీ ఆయన చేతిలోంచి అప్పడాల కర్ర జారి గచ్చుమీద పడింది. సరిగ్గా అదే చప్పుడు. పప్పులో ఉప్పు వేస్తున్న నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఏం తప్పు చేశానా అని గిన్నెలోకి చూసుకున్నాను. "క్యా హువా అమ్మా?" అన్నాడు. "కుచ్ నహీ. యల్లా, నీ చపాతీ మాడుతోంది చూసుకో" అన్నాను. ఆ చప్పుడు వింటే చెయ్యి ఆగేలా నాకు అలవాటు చేసింది ఆవిడే. అందుకని ఆవిడ గురించి రాస్తున్నాను. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు.

సిస్టరమ్మగారిది నరసాపురం. నర్సుగా వచ్చి బతుకులో సగం ఇక్కడి ఆసుపత్రుల్లోనే గడిపారు. రిటైరయ్యాక కూతురు సునీత దగ్గర ఉండేవారు. సునీత కూడా నర్సే. నాది రాజోలు పక్క పల్లె. పెళ్లయిన రెండేళ్లకే ఇంటిపనికి వచ్చి, వంటిళ్లలోనే ముసలిదాన్నయ్యాను. కరోనా వచ్చిన ఏడు, నేను పనిచేసే ఇంటివాళ్లు వాళ్ల దేశం వెళ్లిపోతూ "ఖలాస్" అన్నారు. అప్పుడు సునీత నన్ను తెచ్చి తల్లికి తోడు పెట్టింది. పెద్దావిడకు మోకాళ్లు పనిచేయవు, నోరు మాత్రం బాగా పనిచేస్తుంది.

వచ్చిన వారంలోనే ఫోను నా చేతికిచ్చి, నరసాపురం నుంచి ఏం మెసేజి వచ్చిందో చదవమన్నారు.

"నాకు రాదండి."

"ఇన్నేళ్లు దుబాయ్‌లో ఉండి చదవడం రాదా?"

"గిన్నెలు తోమడానికి అక్షరాలెందుకండి? సబ్బుంటే చాలదా?"

"అయితే రేపట్నుంచి గిన్నెలు ఆలస్యంగా తోముదువుగాని. ముందిలా కూర్చో."

అలా యాభై రెండేళ్ల వయసులో నాకు అ, ఆ మొదలయ్యాయి. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు రాయించేవారు. గుణింతాలయ్యాక చదవడానికి ఇంట్లో తెలుగు బైబిలు తప్ప ఏమీ లేదు. అందులో అక్షరాలు నా కళ్లకు చీమల్లా ఉన్నాయి. కరోనాకు పుస్తకాల షాపులు మూసేశారు. అప్పుడు మంచం కింద ఉన్న సూట్‌కేసు లాగమన్నారు. అందులో ఇంగ్లీషు సినిమా పత్రికలు. ఆవిడ పుట్టకముందువి. ఒకప్పుడు ఆవిడ చూసుకున్న ముసలి ఇంగ్లీషు పేషెంటు వెళ్లిపోతూ ఇచ్చిందట. తెరిస్తే నాఫ్తలీను ఉండల వాసన, పాత కాగితం వాసన కలిసి గుప్పున కొట్టేవి. ఏ పత్రిక తిప్పినా ఒకే హాలీవుడ్ నటి, సినిమాల్లోకి కొత్తగా వచ్చినప్పటి బొమ్మలు. ఆ పేరు నాకు నోరు తిరగక నేను దొరసాని అన్నాను. ఆ ఇంట్లో ఆ నటి పేరు అదే అయిపోయింది.

సిస్టరమ్మగారు పత్రిక ఒళ్లో పెట్టుకుని తెలుగులో చెప్పేవారు, నేను కింద కూర్చుని రాసేదాన్ని. అక్షరం తప్పితే కర్రతో నేలమీద టక్. ఎక్కడ తప్పానో చెప్పేవారు కాదు. నేనే ఆగి, వెనక్కి చూసి, దిద్ది, పైకి చదవాలి. సరిగ్గా దిద్దేదాకా రెండో మాట చెప్పేవారు కాదు. కింది ఫ్లాటు పఠాన్ ఆయన ఒకరోజు పైకొచ్చి "అమ్మా, ఇంట్లో వడ్రంగి పని జరుగుతోందా?" అని అడిగాడు.

ఒక పత్రికలో దొరసాని రైతుబిడ్డ. కోళ్లకు గింజలు వేస్తున్న ఫోటో ఉంది. ఇంకో పత్రికలో కల్నల్ కూతురు, గుర్రం పక్కన నిలబడింది. ఒకచోట వంటంటే ప్రాణమట, ఇంకోచోట ఆవిడకు నీళ్లు కాచడం కూడా రాదట. నేను రాయడం ఆపేశాను.

"ఏది నిజమండి?"

"ఏదీ ఆవిడ చెప్పింది కాదే. సినిమా కంపెనీ ఆఫీసులో కూర్చుని ఎవడో రాశాడు. ఈ సినిమాకి రైతుబిడ్డ కావాలి, ఆ సినిమాకి కల్నల్ కూతురు కావాలి. ఆ పేరు కూడా వాళ్లు పెట్టిందే."

"అబద్ధం అచ్చేస్తారా?"

"అచ్చేసేవాడూ మనలాంటివాడే కదా."

నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి నేర్చుకుంటున్నది అబద్ధాలు చదవడానికా అని అడిగేశాను. ముత్యాల దండ వేసుకుని చీపురు పట్టుకున్న బొమ్మ ఒకటి చూపించి, "ఇదిగో, ఈ మహాతల్లి ఊడ్చే మొహమేనా ఇది?" అన్నాను.

ఆవిడ తాపీగా అడిగారు. "నిన్ను ఇక్కడికి పంపినప్పుడు ఏజెంటు ఫోటో తీయించాడా?"

తీయించాడు. రాజమండ్రి స్టూడియోలో, ఎవరిదో పసిబిడ్డను నా చంకకెక్కించి, నవ్వమని చెప్పి తీశాడు. ఆ బిడ్డ ఏడుస్తోంది. నేనూ ఏడుపు ఆపుకుంటున్నాను. నా పిల్లను అమ్మ దగ్గర వదిలి అప్పటికి రెండు రోజులే. ఆ మాట చెప్పాను.

"ఆ ఫోటో చూసే కదా నీ మొదటి మేడం నిన్ను రమ్మంది? మరి అది అబద్ధమా?"

ఆ మేడం పిల్లల్ని నేను బాగానే సాకాను మరి.

ఆ పత్రికల్లో కొన్ని వ్యాసాలు దొరసానే చెబుతున్నట్టు ఉండేవి. "నేను ఇలా పెరిగాను, నేను ఇలా వచ్చాను" అని. సిస్టరమ్మగారు వాటిని "నేను, నేను" అంటూనే చెప్పేవారు. మధ్యలో టీ తాగుతూ తన హాస్టలు కబుర్లూ చెప్పేవారు. అవీ "నేనే" కదా. అలాంటి ఒకరోజు ఒక తల్లి సంగతి రాయించారు. కూతురు చదువుకు వెళ్తానంటే తండ్రి ఒప్పుకోలేదు. మర్నాడు తల్లి తన కుట్టు మిషను రిక్షాలో పెట్టించి అమ్మకానికి పంపేసింది. దాని చక్రం దారంతా తిరుగుతూనే వెళ్లిందట. ఆ డబ్బుతో కూతురికి టిక్కెట్టు కొనిచ్చి, ఇంటి గుమ్మం దగ్గరే నిలబడిపోయిందట, స్టేషనుకు కూడా రాలేదట. నాకు ఏడుపొచ్చింది, కాగితం తడిసింది. అప్పుడు ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారా, ఒళ్లో పత్రిక ఉందా అని ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా గుర్తు రావడం లేదు.

మూడేళ్లు అలా గడిచాయి. సునీతకు వేరే ఎమిరేట్‌లో కొత్త ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వాళ్లిచ్చే గది ఒక్కరికే. తల్లిని నరసాపురంలో తన తండ్రి వైపు చుట్టాల ఇంటికి పంపాలని తేల్చింది. "నేను వెళ్లను" అన్నారు సిస్టరమ్మగారు, ఒక్కసారే. సునీత ఏడ్చింది. తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు. బట్టలు సర్దుతుంటే చూస్తూ కూర్చునేవారు.

వాళ్ల చర్చివాళ్లలో ఒకరు ఊరికి వెళ్లిపోతుంటే ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టి, వాళ్ల జీవిత సంగ్రహం అని ఒకరు రాసి చదువుతారు. పాస్టరుగారు తాను రాస్తానన్నారు. "రత్నమే రాయాలి. నేర్పింది నేను, పంట చూసుకోవద్దూ?" అన్నారు ఆవిడ. నేను వాళ్ల మతం కాదు, అయినా రాశాను. నా జన్మలో నా అంతట నేను రాసిన మొదటి కాగితం అది. సునీత పని తొందరలో దాన్ని చదవకుండానే, చివర ఒక వాక్యం తనే చెప్పి రాయించింది. "ఎస్తేరమ్మగారు సంతోషంగా స్వదేశానికి తిరిగి వెళ్తున్నారు."

శుక్రవారం పాటలయ్యాక నన్ను నిలబెట్టారు. కాగితం మడత విప్పాను. ఆవిడ పుట్టుక చదివాను. కుట్టు మిషను అమ్మిన తల్లిని చదివాను. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. కర్ర ఆవిడ చేతిలోనే ఉంది, కదల్లేదు. ఆసుపత్రులు చదివాను, కదల్లేదు. చివరి వాక్యం చదివాను.

టక్.

కర్ర జారిందనుకుని పాస్టరమ్మగారు పట్టుకోబోయారు. జారలేదు. నాకు మూడేళ్ల అలవాటు. ఆగాను. వెనక్కి చూశాను. తప్పు ఏ మాటలో ఉందో వెతకాల్సిన పని లేకపోయింది. దిద్ది, పైకి చదివాను. "ఎస్తేరమ్మగారు స్వదేశానికి తిరిగి వెళ్తున్నారు." కర్ర ఊరుకుంది. సునీత తల దించుకుంది. పాస్టరుగారు గబగబా ప్రార్థన మొదలుపెట్టారు.

తర్వాత వంటింట్లో సునీత నన్ను తిడుతుందనుకున్నాను. తను ఆ మాటే ఎత్తలేదు.

"రత్నం పిన్నీ, కుట్టు మిషను ఎందుకు పెట్టావు? అది దొరసానిది కదా! నా చిన్నప్పట్నుంచీ అమ్మ చెప్పే కథే అది."

"అయ్యో, ఆవిడ 'నేను' అనే చెప్పిందమ్మా!"

ఇంతమందిలో, ప్రార్థన మధ్యలో, ఒక సినిమావాళ్ల కట్టుకథను ఆవిడకు అంటగట్టి చదివానా? సునీత సూట్‌కేసు లాగి, గచ్చుమీద కూర్చుని, ఒక్కో పత్రికా తిరగేసింది. ఒకదాంట్లో తల్లి పియానో వాయిస్తుంది. ఒకదాంట్లో దొరసానికి తల్లే లేదు, అనాథ. ఇంకోదాంట్లో తల్లి సినిమాలు వద్దని గది తాళం వేసింది. కుట్టు మిషను ఎక్కడా లేదు.

"మరి నాకు దొరసాని కథ అని ఎందుకు చెప్పింది?" అంది సునీత. నన్నడిగితే నేనేం చెప్పను?

ఇద్దరం హాల్లోకి వెళ్లాం. ఆవిడ పులావు తింటున్నారు. వంగి అడిగాను. "అమ్మగారూ, ఆ కుట్టు మిషను మీ అమ్మగారిదా, దొరసాని వాళ్లమ్మదా?"

"నువ్వు చదివినప్పుడు కర్ర కొట్టానా?"

"లేదండి."

"మరింకేంటి?"

"అమ్మా, అమ్మమ్మకు నిజంగా మిషను ఉండేదా?" అని సునీత కూడా అడిగింది. ఆవిడ కంచం కూతురి వైపు జరిపారు. "కొంచెం పెరుగు వెయ్యవే" అన్నారు.

ఆ నెలాఖరుకు వెళ్లిపోయారు. సునీతే దగ్గరుండి దింపి వచ్చింది. అక్కడ ఎవర్ని అడిగినా ఆవిడ తల్లిని ఎరిగినవాళ్లు లేరట. ఫోనులో నేను మళ్లీ అడిగితే, "దొరసాని వాళ్లమ్మ ఎలా ఉందే?" అని నన్నే అడిగారు. మతిమరుపో, నన్ను ఆటపట్టిస్తున్నారో అర్థం కాలేదు. తన తల్లిని దొరసానికి ఇచ్చేశారా, లేని తల్లిని తాను తెచ్చుకున్నారా, అదీ తెలియదు. మా వంటశాల గోడమీద "మనమంతా ఒకే కుటుంబం" అని మొన్న తెలుగులో కూడా అంటించారు. మా ముదీర్, అదే మేనేజరు, చదవమంటే చదివాను. చదివి, కాసేపు ఊరికే నిలబడ్డాను, ఎక్కడైనా చప్పుడవుతుందేమోనని.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: పాస్టరు యోహానుగారు, పాస్టరమ్మ శాంతమ్మగారు. సునీతతో పనిచేసే నర్సులు కరుణ, గ్రేసు. భీమవరం డ్రైవరు ఏసుబాబు. కుర్చీలు ఇచ్చి గుమ్మంలో నిలబడిపోయిన కింది ఫ్లాటు పఠాన్ ఆయన. కూతురు సునీత. కాగితం పట్టుకుని నేను, నూకరత్నం. కిటికీ పక్క కుర్చీలో, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎస్తేరు సిస్టరమ్మగారు. కుట్టు మిషను అమ్మేసి గుమ్మంలో నిలబడిపోయిన తల్లి కూడా ఉంది. ఎవరి తల్లో నాకు తెలియదు, కానీ ఆవిణ్ణి కాగితంలోంచి కొట్టెయ్యమని కర్ర చెప్పలేదు.