నీలం తప్పిన కంచె

డియోలిండ గులార్ట్ పుట్టిందీ, ఆవులు పిండుతూ అరవై దాటిందీ ఫయాల్ దీవి కొండవాలులోనే. ఆమె పచ్చికకీ రోడ్డుకీ మధ్యనున్న హైడ్రేంజియా పూలపొదల కంచె వాళ్లమ్మ నాటింది. నిలువెత్తు పెరిగిన ఆ పొదల చాటునే లేగదూడలు సముద్రపు గాలి నుంచి తలదాచుకుంటాయి. దీవంతా పూసినట్టే అదీ ఏటా నీలంగా పూసేది. ఈ వేసవిలో మాత్రం రోడ్డువైపు పొదలన్నీ గులాబీ రంగుకి తిరిగాయి.

మొదట నవ్వులాటే. "ఏం వదినా, ఈ వయసులో నీ కంచెకి సిగ్గు ముంచుకొచ్చిందేం?" అని పొరుగింటి ఇనాసియా ఏడిపించింది. డియోలిండ కూడా నవ్వింది, ఊరిపెద్ద గువాల్టేర్ చర్చి మెట్ల మీద నోరు విప్పేదాకా. ఆమె అంగడి మొక్కలు తెచ్చి పాత కంచెని చెడగొట్టిందని అతను అందరిలో అన్నాడు. ఓడల్లో వచ్చే యాత్రికులు నీలం చూడటానికే వస్తారట, మధ్యలో ఈ గులాబీ మచ్చ ఊరికి పరువు తక్కువట. సోమవారం కంచె మొత్తం పీకించి కొత్తవి నాటిస్తాడట. ఆ కొత్తవి ఎదిగేదాకా దూడలు ఏ చాటున పడుకోవాలో అతనికి పట్టలేదు. ఇలాంటి పెద్దమనుషులకి ఎప్పుడు పట్టింది గనక! వచ్చిపోయేవాళ్ల కంటికి ఇంపుగా ఉండటమే రైతు బతుకని వాళ్ల ఉద్దేశం.

కడుపు మండి ఆమె పొదల మొదట్లో తవ్వి చూసింది. మట్టి కింద తెల్లటి సున్నపు పెచ్చులు. కిందటేడు పవిత్రాత్మ పండగకి చర్చికి సున్నం వేశారు. మిగిలిన పండగ సున్నాన్ని కాలవలో పారబోయడం ఆ ఊళ్లో తప్పు, పచ్చగా బతికేదాని మొదట్లోనే పోయాలి. ఊరివాళ్ల చేత పీపాలు దొర్లించి ఆమె కంచెకి పోయించింది గువాల్టేరే. పుణ్యం నీకూ దక్కనీ అన్నాడు, ఆమె దండం పెట్టింది. పక్క ఊళ్లో కొత్తగా సున్నం కొట్టిన గోడ వెంట నీలం పొదలు ఇలాగే రంగు తిరిగిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం ఈ ఏటి పండగ భోజనానికి ఊరంతా ఒకే బల్లకి కూర్చుంది. మాంసం పులుసులో రొట్టె నానుతుండగా డియోలిండ లేచింది.

"గువాల్టేర్, పోయినేడు నా కంచెకి సున్నం పోయించిందెవరు?"

"పండగ సున్నం గదక్కా. మంచి జరుగుతుందనే పోయించాను."

"మంచికే పోశావు, కాదన్లేదు. మరి అంగట్లో కొన్నానని ఎవరి నోరు అంది? రంగు మార్చింది నువ్వు, మాట పడింది నేను, రేపు చలికి వణికేది నా దూడలు."

తర్వాత విడిగా మాట్లాడుకుందామన్నాడతను.

"నన్నన్నప్పుడు విడిగా అన్నావా?"

మర్నాడు తవ్వాల్సినవాళ్లు ఆ బల్ల దగ్గరే ఉన్నారు. పీపాలు దొర్లించిందీ వాళ్లే. సోమవారం ఒక్కడూ పార పట్టుకు రాలేదు. కంచె నిలిచింది.

గువాల్టేర్ మాత్రం అన్నమాట వెనక్కి తీసుకోలేదు. వానలు పడితే రెండు మూడేళ్లకి మళ్లీ నీలం తిరుగుతుందిలే వదినా, అని ఇనాసియా ఓదార్చబోయింది.

"కంచెకి వానలు చాలు," అంది డియోలిండ, బిందె నేలకేసి కుదేస్తూ. "నేను వానకి చల్లారే మనిషిని కాదు. వచ్చే ఆదివారం అందరికంటే ముందు వెళ్లి ఆ చర్చి మెట్ల మీదే నిలబడతాను. నా మొహం చూస్తూ లోపలికెలా పోతాడో పోనీ."