పాలు తాగే ముఖం

అమ్మ లేదు కాబట్టి నా తొలి కాన్పు పుట్టింట్లో కాలేదు. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో, అత్తవారి రైల్వే క్వార్టర్స్‌లోనే పురుడు పోసుకున్నాను. ఆయనకు నిమ్‌పురా యార్డులో షిఫ్టు డ్యూటీలు. ఇంట్లో మిగిలేది నేను, అత్తగారు, పసిపాప.

పాలిచ్చేటప్పుడు బిడ్డను చూడకూడదని అత్తగారి నియమం. కొంగు పాప ముఖం మీద పూర్తిగా కప్పి, గోడవైపు తిరిగి కూర్చోవాలి.

“నరుడి కంటికి నల్లరాయే పగిలిపోద్ది. కన్నతల్లి కన్ను మరీ సెడ్డది. ఏటలా సూస్తావు? అటు తిరిగి కూకో,” అనేవారు.

నా కన్ను నా బిడ్డకే చెడ్డదట! ఒళ్లు మండేది. అత్తమీద కోపం దుత్తమీద అన్నట్టు గిన్నెలన్నీ దబదబా పడేసేదాన్ని. కొంగు మాత్రం తీయలేదు. పాపకు నలతగా ఉంటే అది నా చూపువల్లే అంటారని భయం.

పక్కింటి బెంగాలీ దీదీకీ చంటిపిల్లే. వరండాలో కూర్చుని, పిల్ల కళ్లలోకి చూస్తూ పాలిచ్చేది. “కీ రే దుష్టు, పేట్ భోర్లో?” అనేది. అల్లరిదానా, పొట్ట నిండిందా అని. పిల్ల తాగడం ఆపి కిలకిలా నవ్వేది. గోడకు ఇవతల నేను ఆ కబుర్లు వింటూ, ఊడిన సున్నం పెచ్చులు చూస్తూ కూర్చునేదాన్ని. బిడ్డ ఒళ్లో ఉండగానే నాకెవరూ లేనట్టుండేది.

ఓ సాయంత్రం అత్తగారు పూరీ గేట్ వైపు కూరలకు వెళ్లారు. తలుపు దగ్గరగా వేసి, కిటికీవైపు తిరిగి, కొంగు తీసేశాను. పాప తాగడం ఆపి నన్ను చూసింది.

“ఏమ్మా, పొట్ట నిండిందా?” అన్నాను, దీదీలాగే.

పాప పెదవి విరిచి ఏడుపు అందుకుంది. ఎంత బుజ్జగించినా రొమ్ము పట్టలేదు. తల అటూ ఇటూ తిప్పుతూ నా కొంగులో దూరాలని చూసింది. పాలవేళ నా ముఖం దానికి కొత్త. నాకూ దుఃఖం ఆగలేదు.

అత్తగారు వచ్చేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. తిడతారనుకున్నాను. కూరల సంచి కిందపెట్టి, తనే కొంగు లాగి పాపకు కప్పారు. వెంటనే తాగడం మొదలుపెట్టింది.

ఆవిడ నా పక్కనే చతికిలబడ్డారు.

“నా కొడుకు పాలు తాగినప్పుడు మొకం ఎలాగుండీదో నాకూ తెల్దే,” అన్నారు. “మాయత్త సూడనిచ్చీది కాదు. గుటకలు ఇనీదాన్ని, అంతే.”

కొంగు కింద పాప తాగుతూనే ఉంది. ఇద్దరం గోడవైపు తిరిగి విన్నాం.