కొత్త చెప్పులతో ఆదోనికి

మా ఇంట్లో ఒకే మనిషికి రెండు పేర్లు. నాకు కోపమొస్తే "మీ అక్క", ప్రేమొస్తే "మా అమ్మ". మా ఆయన నాకు మేనమామ, మా అమ్మకు సొంత తమ్ముడు. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో ఇదేం వింత కాదు. ఆయన మొండికేస్తే అచ్చం మీ అక్కేనని నేను దెప్పేదాన్ని. జొన్నరొట్టె పలచగా, మెత్తగా వచ్చిన రోజు మా అక్క చెయ్యి నీకొచ్చిందని ఆయన మెచ్చుకునేవాడు. మంచైతే వాళ్లక్క, చెడ్డైతే మా అమ్మ అని ఆయన లెక్క. నాదేమో దానికి తిరగేసిన లెక్క.

ఆ అమ్మ యాభై దాటకుండానే పోయింది. రాట్నం ముందు నూలు కండెలు చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగిపోయింది. అంతకుముందు చాన్నాళ్లుగా ఎడమ భుజం లాగుతోందనేది. నీళ్ల బిందె దారి మధ్యలో దించి, కాసేపు నిలబడి, మళ్లీ ఎత్తుకునేది. పొద్దస్తమానం నూలు పట్టుకునే చెయ్యి కదా, లాగక ఏం చేస్తుందని అందరం అనుకున్నాం. మా అమ్మగా తలుచుకుంటే, పాపం, చాకిరీ చేసీ చేసీ పోయిందనిపించేది. ఆయన అక్కగా తలుచుకుంటే మాత్రం గుండె జారేది. అక్కకు వచ్చింది తమ్ముడికి రాకుండా పోతుందా? పైగా ఈయనకు బీడీ. పొద్దున లేస్తే మగ్గం గుంటలో కూర్చోవడం, లేస్తే బీడీ వెలిగించడం.

అందుకే ఒకసారి ఆదోనికి పోయి గుండె డాక్టరుకు చూపించుకుందాం పద అని ఏడాదిగా ప్రాణం తీస్తున్నాను. నొప్పి లేదు, నొసటి మీద చెమట లేదు, డాక్టరు దగ్గరికి ఎందుకని ఆయన. నొప్పి వచ్చాక పోయేదానికి డాక్టరెందుకు, నలుగురు మనుషులుంటే చాలదా అని నేను. నోరు మంచిది కాదని నాకూ తెలుసు. ఆయన నవ్వేసి మగ్గంలోకి దిగేవాడు. పండగ పోనీ అనేవాడు, ఈ చీర దిగనీ అనేవాడు.

నేను బళ్లో తెలుగు చెబుతాను. ఇంటి నుంచి బడికి నడకే. ఆ ఏడు నా చెప్పులు బాగా అరిగి వదులైపోయాయి. దారిలో పిండి మర దగ్గర ఒకసారి, మలుపు తిరిగాక ఇంకోసారి ఆగి, వంగి చెప్పు సరిచేసుకునేదాన్ని. ఆయనకు బజారు పని ఉంటే నాతోపాటు మలుపు దాకా వచ్చేవాడు. ఒకరోజు అడక్కుండానే కొత్త చెప్పుల జత తెచ్చి నా ముందు పెట్టాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా నా కాలి కొలత ఆయనకు తెలుసని నాకు తెలియదు. సరిగ్గా సరిపోయాయి. బళ్లో తోటి టీచర్లకు కాలు ముందుకు చాపి మరీ చూపించాను.

తర్వాత కొన్ని రోజులకు, అన్నం తింటూ తింటూ, పొద్దున ఆదోనికి పోదామన్నాడు. నా చెవులను నేనే నమ్మలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని ఎందుకని కూడా అడగలేదు. నెత్తురు పరీక్షకు పరగడుపున పోవాలన్నాను. నువ్వు ఎదురుగా కూర్చుని తింటా ఉంటే నేను పస్తుండాల్నా, నువ్వూ తినొద్దు అన్నాడు. చిన్నపిల్లాడి పంతం అనుకుని సరేనన్నాను. ఆదోని బస్టాండు దగ్గర వేడి వేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసనకు నా కడుపు నకనకలాడింది. ఆయన మాత్రం అటు చూడకుండా నడిచాడు. బీడీ కూడా వెలిగించలేదు.

డాక్టరమ్మకు మా కూతురి వయసుంటుంది. నెత్తురు నాళాల లోపల కొవ్వు చిన్నప్పటి నుంచే కొంచెం కొంచెం పేరుకుంటుందని, నాళం చాలావరకు మూసుకుపోయేదాకా మనిషికి తెలియకపోవచ్చని చెప్పింది. వయసు, బీపీ, షుగరు, కొవ్వు, పొగాకు, ఇంట్లోవాళ్ల జబ్బులు, అన్నీ కలిపి చూస్తే ముందు ముందు ఎంత ప్రమాదమో అంచనా కట్టొచ్చంది. మీ వాళ్లలో చిన్న వయసులో గుండెతో పోయినవాళ్లు ఉన్నారా అని ఆయన్ని అడిగింది.

"మా అక్క," అన్నాడు. తర్వాత నా వైపు చూపించాడు. "ఈయమ్మకు అమ్మ ఆమె. ఈయమ్మకూ రక్తం తీయండి మేడం. పరగడుపునే ఉంది."

డాక్టరమ్మ నా వైపు తిరిగి, నడిస్తే ఆయాసం వస్తుందా, భుజం లాగుతుందా అని ఒక్కొక్కటే అడిగింది. బోర్డు మీద రాసే చెయ్యి కదా లాగుతుంది అనబోయాను. నేను రాసేది కుడిచేత్తో. లాగేది ఎడమ భుజం. అప్పటికి గాని ఆ సంగతి నా బుర్రకెక్కలేదు.

ఇద్దరికీ నెత్తురు తీశారు, ఈసీజీ తీశారు. మెడకు చల్లటి జిగురేదో పూసి స్కానింగ్ చేశారు. సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. ఆయనకు బీపీ కొంచెం ఎక్కువ, బీడీ మానాలి, మెడలో నాళాలు మాత్రం ఫర్వాలేదు. నాకు కొవ్వు బాగా ఎక్కువ. మెడలో ఒకపక్క నాళం గోడకు పొర కట్టడం మొదలైంది. నడిస్తే వచ్చే ఆ నొప్పి గుండెదే కావచ్చంది. మాత్రలు రాసింది, వారంలో మళ్లీ వచ్చి ఇంకో పరీక్ష చేయించుకోమంది, ఈలోగా నొప్పి వచ్చి తగ్గకపోతే ఏ వేళైనా సరే ఆసుపత్రికి వచ్చేయమంది. మంచి వేళలోనే వచ్చారు అని కూడా అంది. మా అమ్మాయికి తల్లి వైపూ తండ్రి వైపూ ఒకటే నెత్తురు కాబట్టి ఆ పిల్లకూ కొవ్వు పరీక్ష చేయించమంది.

తిరుగు బస్సులో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బీడీ తాగేది ఆయన, పొర కట్టేది నాకా? నీకేం, బాగున్నావు, ఏడాదిగా నీకోసం నేను దిగులుపడి చచ్చానని గట్టిగానే అన్నాను. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"నేను సూపించుకునేదానికి వచ్చినా అనుకుంటివా మే?" అన్నాడు ఆయన, కిటికీలోంచి పత్తి చేల వైపు చూస్తూ. "నువ్వు ఆడాడ నిలబడతా ఉంటే, చెప్పులు పాతబడినాయిలే అనుకుంటి. కొత్తవి తెస్తి. అయినా పిండి మర కాడ నిలబడితివి. మా అక్క కూడా బిందె దించి అట్లే నిలబడేది. ఆ పొద్దు నాకు తెలీకపాయె."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, బస్సులో అందరూ చూస్తున్నా.

ఎమ్మిగనూరులో దిగి ఇంటికి నడిచాం. ఆయన ఇప్పటికీ బీడీ పూర్తిగా మానలేదు, ఆ గొడవ వేరే ఉంది. పిండి మర దగ్గరికి వచ్చేసరికి నా భుజం లాగింది. అలవాటు కొద్దీ చెప్పు కోసం వంగబోయి ఆగిపోయాను.

"మామా, నొస్తాంది," అన్నాను.

ఆయన నా చేతిలోని సంచీ తీసుకుని, నొప్పి తగ్గేదాకా నా పక్కనే నిలబడ్డాడు.